జపనీస్‌లో "మా వంశం" అని రాయాలంటే ఏ మాట? సెన్‌జొ, సొసెన్, కకెయ్, కెత్తో...

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం. మా తమ్ముడు నగోయాలో పనిచేస్తున్నాడు. అక్కడి అమ్మాయితో పెళ్లి కుదిరింది. వాళ్లది గిఫు వైపు పల్లెటూరు. పెళ్లికి ముందు రెండు కుటుంబాలూ కలిసి భోజనం చేసే ఆనవాయితీ ఉందట, కఒఅవసె అంటారట. ఈలోపు అమ్మాయి నాన్నగారు "మీ కుటుంబం గురించి ఒక పేజీ రాసి పంపండి, మా అమ్మకు చదివి వినిపిస్తాను" అన్నారట. ఆ మామ్మగారికి ఇంగ్లీషు రాదు, మనకు జపనీస్ రాదు.

మా నాన్నగారు ఒక్క పూటలో రాసి ఇచ్చేశారు: "మాది తరతరాలుగా వ్యవసాయ కుటుంబం. మా ముత్తాతగారి హయాంలో కోనసీమ వచ్చి స్థిరపడ్డాం. మా పూర్వీకులు దానధర్మాలకు పేరుపొందినవారు. మా వంశం ఈ చుట్టుపక్కల పేరున్న వంశం. మా గోత్రం ఫలానా."

యాప్‌లో వేస్తే "పూర్వీకులు"కి ఒకసారి సెన్‌జొ, ఒకసారి సొసెన్ ఇస్తోంది. "వంశం"కి కకెయ్, కెత్తో, చిసుజి, ఇయెగర అని నాలుగిచ్చింది. గోత్రానికి అయితే చేతులెత్తేసింది. తమ్ముడి జపనీస్ ఆఫీసు మెయిల్స్ వరకే. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పగలరా? పెద్దావిడ ముందు నవ్వులపాలు కాకూడదని టెన్షన్.

కంజి_కిరణం
అన్నా, ఎన్‌3 (జపనీస్ పరీక్షలో మధ్య స్థాయి) చదువుతున్నా. డిక్షనరీలో అన్నీ దాదాపు ఒకటే. నా ఓటు కెత్తోకి. "కె" అంటే రక్తం, "తో" అంటే పరంపర. వంశం అంటే అదేగా? గంభీరంగా కూడా ఉంటుంది.

మినో_కోడలు
బాబోయ్, కెత్తో మాత్రం వద్దండీ!

నేను గిఫు జిల్లాలోనే కాపురం ఉంటున్నాను, మావారు ఇక్కడివారే. కెత్తో తప్పు మాట కాదు. కానీ రోజువారీ జీవితంలో ఆ మాట వినపడేది కుక్కల దగ్గర, పందెపు గుర్రాల దగ్గర. జాతి కుక్కని కొంటే దాని అమ్మానాన్నల పేర్లు, తాతల పేర్లు రాసి ఒక కాగితం ఇస్తారు, దాన్ని కెత్తోషొ అంటారు. మా వీధి చివర ఒకాయన షిబా కుక్కపిల్లని తెచ్చుకుని అందరికీ ఆ కాగితం చూపిస్తూ తిరిగాడు. మీ నాన్నగారి పేజీలో "మా కెత్తో పేరున్నది" అని ఉంటే మామ్మగారు మర్యాదకి నవ్వరు గానీ ఆ కుక్కపిల్లే గుర్తొస్తుంది.

పూర్వీకులకు సెన్‌జొ రాయండి. మా అత్తగారు పొద్దున్నే కుక్కర్ మూత తియ్యగానే మొదటి గరిటె అన్నం చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి బుత్సుదన్ ముందు ఉంచుతారు. బుత్సుదన్ అంటే ఇంట్లో పెద్దల పేర్లున్న పలకలు పెట్టుకునే చెక్క మందిరం. గంట ఒకసారి కొట్టి, దణ్ణం పెట్టి, అప్పుడు మాకు వడ్డిస్తారు. ఎవరికి అని అడిగితే "గొసెన్‌జొసమకి" అంటారు. మనం "పెద్దలకు పెట్టుకోవడం" అంటామే, ఆ "పెద్దలు" అన్న మాటే ఇది. సొసెన్‌కి ఎవరూ అన్నం పెట్టరు.

ఓరుగల్లు_ఒసాకా
మా దిక్కు పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తం. ఇక్కడ ఆగస్టులో ఒబొన్ వచ్చిందంటే ఆఫీసు మొత్తం ఊళ్లకు పోతది, సమాధులు కడిగి పూలు పెట్టనీకి. మొదటిసారి చూసినప్పుడు ఇల్లు గుర్తొచ్చింది.

కెత్తోతో ఇంకో లొల్లి కూడా ఉంది. రక్తంలో షుగర్‌ను కూడా కెత్తో అనే అంటరు, రాత వేరు, పలుకుడు ఒకటే. మొన్న హెల్త్ చెకప్‌లో డాక్టరు "కెత్తో ఎక్కువుంది" అన్నడు. మన వంశం సంగతి ఈయనకెట్ల తెలిసిందా అనుకున్న 😀

పాత_అనువాదకుడు
కోడలు గారు సూటిగా చెప్పేశారు. నేను కొంచెం వివరంగా రాస్తాను, ఈ ప్రశ్న నా వృత్తిలో మళ్లీ మళ్లీ వచ్చేది.

సెన్‌జొ, సొసెన్ రెండింటిలోనూ ఉన్నవి అవే రెండు అక్షరాలు. ఒకటి "ముందటి", ఇంకొకటి "మూలపురుషుడు". తిప్పి రాస్తే రెండో మాట. మూలపురుషుడి అక్షరానికి ఎడమవైపు ఉండే భాగం పూజాపీఠం గుర్తు. తిప్పినంత మాత్రాన అర్థం మారిపోదు గానీ దూరం మారుతుంది. సెన్‌జొ మనవాళ్లు: సమాధి ఉన్నవాళ్లు, పేరు తెలిసినవాళ్లు, తెలియకపోయినా దణ్ణం పెట్టుకునేవాళ్లు. "ఐదు తరాల కిందటి సెన్‌జొ" అని లెక్కపెట్టి చెప్పొచ్చు. సొసెన్ దూరం నుంచి చూసి చెప్పే మాట. మానవజాతి సొసెన్, గుర్రం సొసెన్, జపాన్ ప్రజల సొసెన్. సైన్సు పుస్తకంలో, చరిత్ర పుస్తకంలో, చట్టంలో కనిపించేది ఇదే. పండితులు పితృపూజ మీద వ్యాసం రాస్తే సొసెన్ సూహై అంటారు. ఆ పండితుడే ఇంటికెళ్లి తద్దినం లాంటిది చేయిస్తే సెన్‌జొ కుయో అంటాడు.

చట్టం అన్నాను కనుక ఒక ముచ్చట. జపాన్ సివిల్ కోడ్ 897వ అధికరణ ప్రకారం మూడు వస్తువులు మామూలు ఆస్తిలా వాటాలు వేసి పంచరు: వంశావళి పత్రం, పూజాసామగ్రి, సమాధి. పితృకార్యాలు ఎవరు నడిపిస్తారో వాళ్లకే ఆచారం ప్రకారం దక్కుతాయి. ఆ అధికరణలో పితరులకు వాడింది సొసెన్, వంశావళికి వాడింది కెయ్‌ఫు.

ఈ కెయ్‌ఫు పెద్ద మాట. చిత్రకారుల గురుశిష్య పరంపరకి, సాహిత్యంలో ఒక ధోరణికి కూడా వాడతారు. ఇంట్లో గోడకి తగిలించే వంశవృక్షం అయితే కకెయ్‌జు, క్లుప్తంగా కెయ్‌జు. తమ్ముడు గారు చెట్టు బొమ్మ గీసి పంపదలిస్తే పైన కకెయ్‌జు అని శీర్షిక పెట్టండి, ఇబ్బంది లేదు.

ఇక కకెయ్. యాప్ ఇచ్చిన నాలుగింటిలో వివాదం లేనిది ఇదే. అయితే జపనీయులు దీన్ని గొప్పకంటే లక్షణాలకి ఎక్కువ వాడతారు. "మాది దీర్ఘాయుష్షు కకెయ్", "మాది డాక్టర్ల కకెయ్", "మాది క్యాన్సర్ కకెయ్". చివరిది వింటే మనకి గుండె ఝల్లుమంటుంది గానీ వాళ్లు మామూలుగానే అనేస్తారు. చిసుజి అంటే రక్తపు దారం, చెవికి మెత్తగా ఉంటుంది. కథల్లో "రాజుగారి చిసుజి" అన్నట్టు వస్తుంది. పరిచయ పత్రంలో దాని అవసరం లేదు.

ఓరుగల్లు_ఒసాకా
కకెయ్ రాసే అక్షరాలు రామెన్ (నూడుల్స్ సూపు) హోటళ్ల బోర్డుల మీద కూడ ఉంటయి కదా సార్? ఇయెకెయ్ రామెన్ అని.

పాత_అనువాదకుడు
అవే రెండు అక్షరాలు, అక్కడ పలికేది మాత్రం ఇయెకెయ్. 1974లో మొదలైన యొషిమురయ హోటలు దానికి మూలం, యొకొహమాలో పేరు తెచ్చుకుంది. "య" అని చదివే ఇల్లు అక్షరం పేరు చివర ఉన్న హోటళ్ల బాణీ కాబట్టి ఇయెకెయ్. తమాషా ఏమిటంటే ఆ హోటళ్లలోనూ వంశగొడవ ఉంది. యజమాని దగ్గర నేరుగా పని నేర్చి, ఆయన అనుమతితో పెట్టినవి చొక్కెయ్. సరిగ్గా వారసత్వ చట్టంలో తాత-తండ్రి-కొడుకు వరుసకి వాడే మాటే అది.

గోదారి_గట్టు
అద్భుతం. సెన్‌జొ ఖాయం, కెత్తో అవుట్. కానీ నాన్నగారు "పేరున్న వంశం" అన్న వాక్యం తీసెయ్యడానికి ససేమిరా అంటున్నారు. "పెళ్లి సంబంధంలో ఆ ముక్క చెప్పకపోతే ఇంకేం చెబుతాం" అని ఆయన వాదన. ఇయెగర దానికి సరిపోతుందా? గోత్రం సంగతి కూడా చెప్పండి.

మినో_కోడలు
సరిపోతుంది. అదే ఇబ్బంది. ఇయెగర అంటే కుటుంబం అంతస్తు. "వాళ్లది మంచి ఇయెగర" అని మూడో మనిషి చెప్పాలి. మన నోటితో మనమే అంటే "మేము మీకంటే ఎక్కువ" అన్నట్టు వినపడుతుంది. మామ్మగారి తరంలో సంబంధాలు ఇయెగర చూసే చేసేవాళ్లు కాబట్టి ఆవిడకి ఇంకా గట్టిగా తగులుతుంది. "వాళ్ల ఇయెగరకి మనం సరితూగుతామా" అని కొడుకుని పోరు పెట్టినా పెడతారు.

దానికి బదులు నాన్నగారి మొదటి వాక్యమే బంగారం. "తరతరాలుగా" అన్నదానికి దైదై అని అచ్చమైన మాట ఉంది. "ఉచి వ దైదై నోక దెసు", అంటే మాది తరతరాలుగా రైతు ఇల్లు. అంతే. వంశం అన్న నామవాచకం అక్కర్లేదు, గొప్ప చెప్పక్కర్లేదు, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఇన్ని తరాలు ఒకే పని, ఒకే నేల పట్టుకుని ఉన్నారంటే ఇక్కడ దానికుండే మర్యాద వేరు. మా ఊళ్లో సమాధుల మీద "సెన్‌జొ దైదై నొ హక" అని చెక్కి ఉంటుంది, తరతరాల పెద్దల సమాధి అని. సంక్రాంతికి మనం గుమ్మడికాయ దానం ఇచ్చినట్టు వీళ్లు కొత్త సంవత్సరానికి పిండిముద్దల మీద ఒక నారింజ లాంటి పుల్లకాయ పెడతారు. దాని పేరు కూడా దైదై. ఇల్లు తరతరాలు నిలవాలని ఆ శ్లేష.

నాన్నగారికి ఈ కాయ సంగతి చెప్పి చూడండి, ఒప్పుకుంటారేమో.

చరిత్ర_చాదస్తం
గోత్రం దగ్గరికి నేనొస్తా. మూడు పొరలున్నాయి, కలిపెయ్యకండి.

పాతకాలంలో ఉజి, అంటే తెగ లాంటి వంశం. ఫుజివర, మినమొతొ, తైర, తచిబన అనే నాలుగూ పేరుమోసినవి. ఉజికి రాజు ఇచ్చే హోదా కబనె. ఇప్పుడు మనుషులకి ఉన్నది మ్యోజి, అంటే ఇంటిపేరు. క్రీ.శ. 815లో రాజాజ్ఞ మీద తయారైన షిన్‌సెన్ షోజిరొకు అనే వంశాల పట్టికలో రాజధాని, చుట్టుపక్కల ప్రాంతాలకి చెందిన 1182 ఉజులున్నాయి. వాటిని రాజుల సంతతి, దేవతల సంతతి, సముద్రం దాటి వచ్చినవాళ్ల సంతతి అని విడగొట్టారు. మూడో గుంపులో ఏకంగా 326. కొరియా, చైనాల నుంచి వచ్చిన కుటుంబాలు అంత నిండుగా రాజధానిలో స్థిరపడ్డాయన్నమాట.

మన గోత్రం కొంచెం ఉజికి దగ్గర. ఇంటిపేరు వేరైనా గోత్రం ఒకటి కావచ్చు, అలాగే ఫుజివర ఉజిలో బోలెడన్ని మ్యోజులు. సతో, కతో, ఇతో లాంటి పేర్ల చివరి "తో" రాసే అక్షరం ఫుజివరలోని మొదటి అక్షరమే, పలుకు మాత్రమే వేరు అని చెబుతారు. అలాగని ప్రతి సతో గారూ ఫుజివర సంతతి అనుకుంటే పొరపాటు. సామాన్యులు ఇంటిపేరు అధికారికంగా పెట్టుకోవడానికి 1870లో అనుమతి వచ్చింది, 1875లో తప్పనిసరి చేశారు. అంతకుముందు చాలామందికి ఊళ్లో వాడుకునే పేరు ఉన్నా కాగితం మీద రాసే హక్కు లేదు. ఎదో అనే షోగన్ల యుగంలో (1603-1868) డబ్బున్నవాళ్లు పేద సమురాయ్ ఇంటి వంశావళిని కొనుక్కునేవాళ్లు, దానికి కెయ్‌జుకై అనే పేరే ఉంది. వంశావళి కొనుగోలు!

గోత్రానికి "షిజొకు" అన్న అనువాదం పుస్తకాల్లో దొరుకుతుంది, తెగ అన్న అర్థంలో. రాస్తే ఫరవాలేదు. చదివి వినిపిస్తే మాత్రం ప్రమాదం. మెయ్‌జి చక్రవర్తి కాలంలో (1868 తర్వాత) మాజీ సమురాయ్ వర్గానికి ఇచ్చిన హోదా పేరు కూడా షిజొకే. అక్షరాలు వేరు, శబ్దం ఒకటి. 90 ఏళ్ల చెవికి రెండోదే ముందు తగులుతుంది. కోనసీమ రైతు కాస్తా సమురాయ్ అయిపోతాడు.

కంజి_కిరణం
అయితే గోత్రాన్ని ఏం చేయాలి? వదిలెయ్యాలా?

పాత_అనువాదకుడు
ఆ పేజీలో అయితే వదిలెయ్యమనే నా సలహా. తర్వాత ఎవరైనా అడిగితే "గోతొర" అనే చెప్పండి, పండితుల పుస్తకాల్లో కూడా అలాగే ఉంచేస్తారు. పక్కన ఒక్క వాక్యం: "ఒకే ఋషి నుంచి వచ్చామని నమ్మే కుటుంబాల గుంపు, ఆ గుంపులో వాళ్లలో వాళ్లు పెళ్లి చేసుకోరు." పెళ్లి నియమంగా చెబితే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఓరుగల్లు_ఒసాకా
మనోళ్లు ఒక పేజీ ఇచ్చినంక వాళ్లను కూడ అడుగుతరు కదా. మా పెద్దనాన్న అయితే కూర్చోంగనే "మీరేవిట్లు" అన్నట్టు మొదలుపెడ్తడు. "మీ కకెయ్ ఏంది" అని అడగొచ్చా?

పాత_అనువాదకుడు
అడగకూడదు. ఇది సీరియస్‌గా చెబుతున్నాను.

జపాన్‌లో బురకు సమాజం మీద వివక్ష చరిత్ర తెలియనివాళ్లు చదువుకోవాలి. చర్మం పని, శవాల పని లాంటివి చేసేవాళ్లని అంటరానివాళ్లుగా చూశారు. 1871లో చట్టప్రకారం ఆ హోదాలు రద్దయ్యాయి. కానీ 1872లో దేశమంతా తయారైన మొదటి కుటుంబ రిజిస్టర్లలో పాత హోదాలు కొన్నిచోట్ల తెలిసిపోయేలా రాశారు. పెళ్లి సంబంధం వస్తే వాటిని తిరగేసేవాళ్లు. చివరికి 1968లో ఆ రిజిస్టర్లని ఎవరూ చూడకుండా మూసేశారు. అయినా 1975లో బురకు ఊళ్ల పేర్లతో అచ్చేసిన పుస్తకాలు కంపెనీలు రహస్యంగా కొనుక్కుంటున్నాయని బయటపడింది. ఉద్యోగానికి వచ్చినవాడి పుట్టుపూర్వోత్తరాలు చూడ్డానికి. 1976లో చట్టం మార్చి, ఎవరి రిజిస్టరైనా ఎవరైనా చూసే పద్ధతి ఆపారు.

కాబట్టి కకెయ్, షుత్సుజి (పుట్టుపూర్వోత్తరాలు) అన్న మాటలు ఎదుటివాళ్ల మీద ప్రశ్నగా వేస్తే, ముఖ్యంగా పెళ్లి మాటల్లో, గదిలో గాలి మారిపోతుంది. "గొషుష్షిన్ వ దొచిర దెసు క", అంటే మీదే ఊరు అని అడగండి. అది ఎవరైనా ఎవరినైనా అడిగే ప్రశ్న. మన "మీరేవిట్లు" ఎంత కోస్తుందో మనకి తెలిసిందే, దాన్ని అక్కడికి మోసుకెళ్లనక్కర్లేదు.

చరిత్ర_చాదస్తం
ఒప్పుకుంటా. కానీ ఒక మాట. జపాన్‌లో వంశం అంటే చివరికి రక్తమే అనిపిస్తుంది. రాజవంశం మీద ఇప్పటికీ జరిగే గొడవంతా దన్‌కెయ్, జొకెయ్, అంటే తండ్రి వైపు వరుసా తల్లి వైపు వరుసా అనే కదా. 1947 నాటి రాజగృహ చట్టం మొదటి అధికరణే తండ్రి వరుసలో పుట్టిన మగవాళ్లకే సింహాసనం అంటుంది.

మినో_కోడలు
రాజుగారి ఇంటి సంగతి నాకు తెలియదు గానీ మా ఇంటి సంగతి చెబుతా. మా మామగారు ఇల్లరికం వచ్చారు. మన ఇల్లరికం కాదు. పెళ్లి రోజునే మా అత్తగారి తండ్రి ఆయన్ని చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. అల్లుడూ ఆయనే, కొడుకూ ఆయనే. ఇంటిపేరు మారింది, సమాధి మారింది, పొద్దున్నే దణ్ణం పెట్టుకునే గొసెన్‌జొసమ కూడా మారారు. దీన్ని ముకొయోషి అంటారు. అత్తగారింటి పెద్దల గురించి ఆయన "ఉచి నొ సెన్‌జొ", మా పెద్దలు, అనే అంటారు. ఒక్క చుక్క రక్తసంబంధం లేదు. కకెయ్‌జులో ఆయన పేరు మధ్య గీత మీదే ఉంది, పుట్టింటి పేరు పక్కన చిన్నగా రాసి.

మారుతి కార్లు మనకి తెలుసుగా. సుజుకి ఒసము గారు పుట్టింది మా గిఫు జిల్లా గెరోలో, మత్సుద ఇంట్లో. సుజుకి వాళ్ల ఇంటికి అల్లుడుగా వెళ్లి ఆ పేరు పెట్టుకున్నారు. 1982లో భారత ప్రభుత్వంతో మారుతి ఒప్పందం చేసుకున్నది ఆయన నడిపిన కంపెనీయే. సుజుకి వంశం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక్కడ నిలబడాల్సింది ఇల్లు, ఇయె. పెద్దకొడుకు ఇల్లు హొన్‌కె, విడిపోయిన తమ్ముళ్లవి బున్‌కె. ఒబొన్‌కి బున్‌కె వాళ్లంతా హొన్‌కెకి వచ్చి దణ్ణం పెట్టి వెళ్తారు. ఎవరి బుత్సుదన్ దగ్గర ఎవరు ముందు కూర్చోవాలో కూడా దాన్నిబట్టే.

చరిత్ర_చాదస్తం
ముకొయోషి పాయింటు బలంగా ఉంది. 1898 సివిల్ కోడ్‌లో ఇంటి యజమానికి పెళ్లిళ్ల మీద కూడా అధికారం ఇచ్చి ఆ ఇయెని చట్టం చేశారు. యుద్ధం తర్వాత 1947లో ఆ భాగాన్ని ఎత్తేశారు. చట్టంలో పోయింది, బుత్సుదన్ దగ్గర పోలేదన్నమాట.

ఫైలు_పులి
వీసా, రిజిస్ట్రేషన్ కాగితాలతో బతికేవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి.

మన "మేనరికం" ముచ్చట కఒఅవసెలో ఎత్తకపోవడం మంచిది. జపాన్ చట్టంలో బంధుత్వాన్ని షింతోతో కొలుస్తారు. మతం షింతో వేరు, ఈ షింతో అంటే బంధుత్వపు మెట్టు. తండ్రి ఒకటో మెట్టు, తాత, అన్నదమ్ములు రెండు, మేనమామ మూడు, ఆయన పిల్లలు నాలుగు. రక్తసంబంధంలో మూడో మెట్టు దాకా పెళ్లి నిషేధం. కాబట్టి బావామరదళ్ల పెళ్లి అక్కడా చెల్లుతుంది, మేనమామతో పెళ్లి మాత్రం చెల్లదు. మన ఇళ్లలో పాత తరంలో రెండోదీ ఉంది కాబట్టి వంశవృక్షం గీసేటప్పుడు ఆ గీతలు చూసి వాళ్లు కంగారుపడొచ్చు.

ఇంకోటి. అమ్మాయి తరఫున పాత పెద్దల పేర్లు వెతకాలన్న ఆసక్తి ఎప్పుడైనా కలిగితే, దారి కొసెకి, అంటే కుటుంబ రిజిస్టరు. ఇప్పుడు దొరికే కాపీల్లో అన్నిటికంటే పాతది 1886 నాటి నమూనా. ఇంట్లో అందరూ పోయి మూతపడ్డ రిజిస్టర్లని 150 ఏళ్లు ఉంచాలని నియమం, 2010కి ముందు అది 80 ఏళ్లే. 2024 మార్చి 1 నుంచి దగ్గర్లోని ఏ మున్సిపల్ ఆఫీసులోనైనా తల్లిదండ్రులు, తాతముత్తాతల వరుస తీసుకోవచ్చు. అన్నదమ్ములది ఆ పద్ధతిలో ఇవ్వరు. అంతకంటే వెనక్కి పోవాలంటే బొదైజి, అంటే ఆ కుటుంబం గుడి. అక్కడ పోయినవాళ్ల పేర్లు రాసే కకొచో అనే పుస్తకం ఉంటుంది. గుడివాళ్లు చూపిస్తారన్న గ్యారంటీ లేదు.

గోదారి_గట్టు
కోడలు గారి దైదై కాయ కథ నాన్నగారికి చదివి వినిపించా. "పేరున్న వంశం" తీసేశారు. దానధర్మాల వాక్యం ఉంచాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నారు. తమ్ముడు ఇలా రాశాడు, చూడండి:

"వగయ వ దైదై నోగ్యో ఒ షితె కిమషిత. హీ ఒజీసన్ నొ దై ని, ఇమ నొ ముర ఎ ఉత్సురిమషిత. గొసెన్‌జొసమ నొ కొతొ వ చిచి గ కువషికు షిత్తె ఇమసు."

అంటే: మా ఇల్లు తరతరాలుగా వ్యవసాయం చేస్తోంది. ముత్తాత హయాంలో ఇప్పటి ఊరికి వచ్చాం. పెద్దల సంగతులు నాన్నకి బాగా తెలుసు.

పాత_అనువాదకుడు
చాలా బాగుంది. రెండు చిన్న సవరణలు. హీ ఒజీసన్ నోటి మాట, కాగితం మీద సోసొఫు అని రాయండి. ఇంకో తరం పైకి వెళ్తే కోసొఫు. రెండోది, గొసెన్‌జొసమ అనేది మన్నన. సొంత ఇంట్లో దణ్ణం పెట్టేటప్పుడు సరే, వేరే కుటుంబానికి మన పెద్దల గురించి రాసేటప్పుడు వట్టి సెన్‌జొ చాలు. వాళ్ల పెద్దల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం గొసెన్‌జొసమ తప్పనిసరి.

దానధర్మాలు ఉంచదలిస్తే గొప్ప ధ్వనించకుండా ఒక పని చెప్పండి. చెరువు తవ్వించారా, బడికి స్థలం ఇచ్చారా? అది రాస్తే విశేషణం అక్కర్లేదు.

గోదారి_గట్టు
బడికి స్థలం ఇచ్చారట! అదే పెడతాం. పెదనాన్న, బాబాయి కూడా వస్తున్నారు. ఇద్దరినీ ఒజి అనే పరిచయం చేయాలా?

కంజి_కిరణం
ఇది నాకు తెలుసు! పలికేటప్పుడు ఇద్దరూ ఒజి. రాసేటప్పుడు మాత్రం తండ్రికంటే పెద్దవాడికి ఒక అక్షరం, చిన్నవాడికి ఇంకో అక్షరం. పెదనాన్న, బాబాయి తేడా కాగితం మీద ఉంది, నోట్లో లేదు. మేనమామకి కూడా ఇవే అక్షరాలు, అమ్మకంటే పెద్దా చిన్నా అన్నదాన్నిబట్టి.

మినో_కోడలు
కిరణం, సూపర్. గట్టు గారూ, కూర్చునే చోట పేర్ల కార్డులు పెడతారు కాబట్టి ఆ అక్షరాలు ముందే పంపండి. పెదనాన్నగారికి చిన్నవాడి అక్షరం పడితే మామ్మగారు ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలో తికమకపడతారు.

ఫైలు_పులి
పేర్ల మాట వచ్చింది కాబట్టి చివరిగా ఒకటి. పెళ్లి రిజిస్టర్ చేశాక అమ్మాయికి కొత్త కొసెకి తెరుస్తారు, తమ్ముడి పేరు అందులో భర్తగా కతకన లిపిలో ఎక్కుతుంది. ఇంటిపేరు ముందు, కామా, తర్వాత పేరు. మనకి అలవాటైన వరుసే. కానీ ఆఫీసువాళ్లు తెలుగు కాగితం చూడరు, పాస్‌పోర్టులో ఏది సర్‌నేమ్ గడిలో ఉందో అదే చూస్తారు. చాలామందికి అక్కడ పేర్లు తారుమారై ఉంటాయి. తమ్ముడి పాస్‌పోర్టు ఇవాళే తీసి ఒకసారి చూడమనండి. ఇంకో సంగతి, విదేశీయుణ్ణి చేసుకుంటే అమ్మాయి ఇంటిపేరు దానంతటది మారదు. మీ ఇంటిపేరు పెట్టుకోవాలనుకుంటే పెళ్లైన 6 నెలల్లోపు విడిగా ఒక ఫారం ఇవ్వాలి, ఆ గడువు దాటితే ఫ్యామిలీ కోర్టు అనుమతి కావాలి.